పక్కింటి సిక్సర్ ముందే ఎందుకు వినపడుతుంది?

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఇది. ఇక్కడ నిలబడి గ్రాంథికం మాట్లాడితే ఆయన ఊరుకోరు. లైవ్ మ్యాచ్ మన ఫోన్‌కి ఎలా వస్తుందో, ఎందుకు ఆలస్యమవుతుందో వాడుక మాటల్లోనే చెప్తాను.

2023 నవంబరు 19న ప్రపంచ కప్ ఫైనల్ మీలో చాలామంది ఫోన్‌లోనే చూసుంటారు. ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది దాకా చూశారు. మనిషికి సెకనుకు 2 మెగాబిట్లు వేసుకున్నా మొత్తం సెకనుకు 118 టెరాబిట్లు (ఒక టెరాబిట్ అంటే పది లక్షల మెగాబిట్లు). ఏ ఒక్క సర్వరూ మోయగలిగింది కాదు.

మనకి తెలుగు పేపర్లు ఎలా వస్తాయి? ఇంటింటికీ ఒక బండి పంపరు కదా. కట్ట వస్తుంది, ఇక్కడ విప్పుతారు, కుర్రాళ్లు సైకిళ్ల మీద వేసొస్తారు. వీడియో కూడా అసలు సర్వర్ నుంచి ప్రాంతీయ సర్వర్లకు, అక్కడి నుంచి మీ ఇంటర్నెట్ కంపెనీ దగ్గర పెట్టిన ఎడ్జ్ సర్వర్లకు వస్తుంది. దీన్నే సీడీఎన్, అంటే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అంటారు.

సినిమాకైతే ఇది సులువు. ముందు రాత్రే కాపీ తెచ్చి పెట్టుకోవచ్చు. లైవ్‌లో సరుకు అప్పుడే పుడుతుంది. వీడియోను, 6 సెకన్లవి అనుకోండి, ముక్కలుగా కోస్తారు. కొత్త ముక్క తయారవగానే ఒక ఎడ్జ్ సర్వర్‌ని 10,000 ఫోన్లు ఒక్కసారిగా అడిగాయనుకుందాం. దాని దగ్గర ఇంకా లేదు. అన్నిసార్లూ అది పైకి అడిగితే అసలు సర్వర్ కుప్పకూలుతుంది. అందుకని మొదటి ఫోన్ అడగ్గానే పైకి ఒక్క కబురు పంపి, మిగతా 9,999 మందినీ 'ఉండండి, వస్తోంది' అని ఆపుతుంది. రాగానే అందరికీ వడ్డిస్తుంది. ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే.

దారిలో డేటాని మళ్లించే పెట్టెలు, అంటే రూటర్లే, కాపీలు తీసి పంచే మల్టీకాస్ట్ పద్ధతి 1989 నాటికే ఉంది. కంపెనీల హద్దులు దాటేసరికి నడవలేదు. ఎవరి లైన్‌లో ఎవరి కాపీకి ఎవరు డబ్బు కట్టాలి? సరిహద్దు ఊరివాళ్లం, ఈ తగువు మనకొకరు చెప్పక్కర్లేదు.

ఇక ఆలస్యం సంగతి. ఫోన్ సాధారణంగా మూడు ముక్కలు దాచుకుని గానీ బొమ్మ మొదలుపెట్టదు. 18 సెకన్లు అక్కడే పోయాయి. మామూలు కేబుల్, డిష్ టీవీ ఇలా ముక్కలు దాచుకుని కూర్చోదు, అందుకే పక్కింటి సిక్సర్ ముందే వినపడుతుంది. ముక్క చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది, కానీ నిల్వ తక్కువ. మహేంద్రగిరి వైపు బస్సులో వెళ్తూ చూస్తే, సిగ్నల్ పోయిన మలుపులోనే బొమ్మా ఆగిపోతుంది.

మా ఇంట్లో మాత్రం బావమరిది ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటే, పక్కింటి టీవీ దగ్గర అరుపులు విని 'ఈ బంతి సిక్సర్' అని నేను టీ పందెం కాస్తాను. ఇంతవరకూ ఓడలేదు. ఆయన ఈ సభకి రాలేదు లెండి.