గుండ్రటి సబ్‌వూఫర్ డబ్బా: బలమంతా గోడలో, పనంతా మూతల్లో

అందరికీ నమస్కారం. కార్లకు ఆడియో బిగించే పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఇంతమంది రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ రోజు ఒక్క పని గురించే మాట్లాడతాను. పీవీసీ పైపుతో పది అంగుళాల సబ్‌వూఫర్‌కి, అంటే బేస్ మాత్రమే పలికే స్పీకర్‌కి, గొట్టం డబ్బా కట్టడం.

ఇంట్లో పదిహేను కిలోల నూనె డబ్బా ఉంటుంది కదా. ఖాళీ డబ్బా పలక మీద బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే మళ్లీ టక్కుమని బయటికొస్తుంది. చదునైన పలక దేనికైనా ఆ గుణం ఉంటుంది. ఇప్పుడు గ్యాస్ సిలిండర్‌ని తలచుకోండి. లోపల ఒత్తిడి ఉన్న దేన్నయినా గుండ్రంగానే చేస్తారు. ఒత్తిడి అన్ని వైపులా సమానంగా నెడుతుంది కాబట్టి గుండ్రటి గోడకు వంగే అవసరం రాదు. చుట్టూ కట్టిన తాడు బిగుసుకున్నట్టు బిగుసుకుని ఆపుతుంది, అంతే.

సబ్‌వూఫర్ డబ్బాలో అంత ఒత్తిడి ఎక్కడుంటుందని మీకు అనిపించవచ్చు. లెక్క వేద్దాం. పది అంగుళాల వూఫర్‌లో ముందుకూ వెనక్కీ కదిలే గిన్నెను కోన్ అంటాం, దాని వైశాల్యం సుమారు 330 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు లోపలికి వస్తే 330 సీసీల గాలిని నొక్కుతుంది. డబ్బా 20 లీటర్లదైతే, వేగంగా నొక్కిన గాలి కాస్త వేడెక్కుతుంది కూడా కాబట్టి, ఒత్తిడి రెండు శాతం పైన పెరుగుతుంది. వినడానికి చిన్న అంకే. కానీ 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వెనక మూత మీద అది సుమారు 17 కిలోల బరువుతో సమానం. కోన్ బయటికి పోయినప్పుడు అంతే బలంతో వెనక్కి లాగుతుంది. 40 హెర్ట్జ్ బేస్ అంటే సెకనుకు నలభై సార్లు ఈ తోపులాట. మామూలు చదరపు పెట్టెలో ఆరు పలకలూ దీన్ని భరించాలి, అందుకే లోపల అడ్డకర్రలు వేస్తాం. గొట్టంలో రెండే పలకలు: ముందు మూత, వెనక మూత.

గుండ్రటి డబ్బాలో శబ్దం అలలు గోడలకు తగిలి వెనక్కి రావు, అందుకే బేస్ బాగుంటుందని చాలామంది చెబుతారు. అది సరికాదు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. అడుగు పొడవు డబ్బాలో దానికి ఆకారంతో పనిలేదు. గొట్టం గొప్పతనం గోడ బిగువులోనే ఉంది.

ఇక సైజు. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ మొదలుపెట్టిన పనిని, తర్వాతి దశాబ్దంలో సిడ్నీలో రిచర్డ్ స్మాల్ ముందుకు తీసుకెళ్లారు. వూఫర్ పెట్టెలో వచ్చే కాగితం మీద క్యూటీఎస్ (కోన్ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పేది), వ్యాస్ (కోన్ పట్టు ఎంత సాగుతుందో అంతే సాగే గాలి, లీటర్లలో), ఎఫ్ఎస్ (కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) అని ఉండే అంకెలు వాళ్ల పుణ్యమే. ఆ కాగితాన్ని దయచేసి పారేయకండి. ఉదాహరణకు వ్యాస్ 30 లీటర్లు, క్యూటీఎస్ 0.45, మనం కట్టే డబ్బా 20 లీటర్లు అనుకోండి. 30ని 20తో భాగిస్తే 1.5, దానికి ఒకటి కలిపితే 2.5, దాని వర్గమూలం 1.58. దాన్ని 0.45తో గుణిస్తే 0.71, అది డబ్బాలో పెట్టాక వూఫర్‌కి వచ్చే క్యూ. మూసిన డబ్బాకు మనం కోరేది దాదాపు 0.7. అంటే ఈ వూఫర్‌కి 20 లీటర్లు సరిపోతాయి. వేరే వూఫర్‌కి వేరే లెక్క వస్తుంది. పక్క కారులో ఏం పెట్టారో చూసి కట్టకండి.

వూఫర్ వెనక భాగం తినే చోటు ఒక లీటరున్నర కలిపితే 21.5 లీటర్లు. 315 మిల్లీమీటర్ల పైపు తీసుకోండి. అది బయటి కొలత. లోపలి కొలత గోడ మందాన్ని బట్టి మారుతుంది, షాపులోనే టేపు పెట్టి చూడండి. లోపల 30 సెంటీమీటర్లు ఉంటే అడ్డుకోత వైశాల్యం 707 చదరపు సెంటీమీటర్లు. 21,500ని 707తో భాగిస్తే 30.4 సెంటీమీటర్ల పొడవు. మూతల లోపలి పొరలు రెండు వైపులా 18 మిల్లీమీటర్లు తింటాయి కాబట్టి పైపును 34 సెంటీమీటర్లకు కోయాలి.

వంకర లేకుండా కోయడానికి ఒక వార్తాపత్రికను పైపు చుట్టూ చుట్టి, అంచు మీద అంచు కలిసేలా సర్ది, దాని వెంట గీత గీయండి. కోసేటప్పుడు ముక్కుకు మాస్క్ పెట్టుకోండి, పీవీసీ పొడి పీల్చకూడదు.

మూతల దగ్గర నిదానంగా ఉండండి. నా మొదటి గొట్టానికి ఒక్క పొర 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్లలు వేశాను. మూడు వారాలకు గరగర మొదలైంది. ఒక షాపుకు తీసుకెళ్తే కాయిల్ పోయిందన్నారు, డబ్బు తీసుకుని మార్చారు. గరగర పోలేదు. చివరికి పాట నడుస్తుండగా వెనక మూత మీద చెయ్యి పెట్టాను. మూత డప్పులా కొట్టుకుంటోంది. వూఫర్‌కి ఏమీ కాలేదు.

అప్పటి నుంచి ప్రతి మూతకూ రెండు పొరల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తున్నాను. ఒక బిళ్ల పైపు బయటి కొలతకు, ఇంకొకటి లోపలికి దిగేలా. రెండూ అతికిస్తే మెట్టు వస్తుంది, ఆ మెట్టు పైపు అంచు మీద కూర్చుంటుంది. యార్డులో పడుకోబెట్టిన పైపులు కాస్త కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. అందుకే కంపాస్‌తో గీయకుండా, పైపునే ప్లైవుడ్ మీద నిలబెట్టి గీయండి, ఏ మూత ఏ వైపుదో గుర్తు పెట్టుకోండి. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును అదిమి చేసే పలక, అంచులో స్క్రూ దిగితే చీలుతుంది, వానాకాలం చెమ్మకి ఉబ్బుతుంది. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌కి కాస్త ఎక్కువ పెట్టండి.

పైపు చుట్టూ ఎనిమిది చోట్ల ముందే రంధ్రాలు వేసి స్క్రూలు బిగించండి. సందులో సాగే సీలెంట్ నింపండి. మే నెల ఎండలో పీవీసీ చెక్క కన్నా ఎక్కువ సాగుతుంది, రాయిలా గట్టిపడే జిగురు అక్కడ పగులుతుంది. సీలెంట్ ఒక రోజంతా ఆరాకే వూఫర్ బిగించండి. బిగించాక 30 హెర్ట్జ్ టోన్ పెట్టి అతుకుల చుట్టూ అగరబత్తి తిప్పండి. పొగ ఎక్కడ అదిరితే అక్కడ గాలి కారుతోంది.

డిక్కీలో గొట్టం దొర్లుతుంది. గట్టి బ్రేకు పడితే పది పదిహేను కిలోల బరువు వెనక సీటు మీదికి వస్తుంది, ఆ సీట్లో పిల్లలుంటారు. కింద చెక్క పీఠాలు, పైన రెండు ఇనుప పట్టీలు వేసి కారు బాడీకి బోల్టు చేయకుండా డెలివరీ ఇవ్వకండి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు తీగ మీద ఫ్యూజ్ కూడా అంతే, బ్యాటరీకి అడుగున్నర లోపల ఉండాలి.

ఈ బల్ల మీద రెండు గొట్టాలు పెట్టాను. ఒకదానికి పాత 12 మిల్లీమీటర్ల మూత, ఇంకొకదానికి రెండు పొరల మూత. రెండింటికీ 40 హెర్ట్జ్ ఇస్తున్నాను. ఒక్కొక్కరే వచ్చి ముందు పైపు గోడ మీద, తర్వాత వెనక మూత మీద అరచెయ్యి పెట్టి చూడండి.