షూ సరే, షాపు సంగతేంటి? | అనంతపురంలో పెద్ద స్పోర్ట్స్ షోరూం సర్వీస్ రివ్యూ

నమస్తే అందరికీ. పోయిన నెల రన్నింగ్ షూ మీద వీడియో పెట్టాం కదా, దాని కింద మీరు అడిగిన ప్రశ్నల్లో షూ గురించి తక్కువ, షాపు గురించే ఎక్కువ. "అన్నా, సైజు చాలకుంటే మారుస్తారా?", "మాలాంటోళ్లు లోపలికి పోతే పట్టించుకుంటారా?" అని. ఒకాయనైతే "ఆ గాజు తలుపు తోయాలంటేనే టెన్షనన్నా" అని రాశాడు. అందుకని ఈరోజు వీడియోలో షూ రివ్యూ లేదు, సర్వీసు రివ్యూ మాత్రమే. మన అనంతపురంలోనే ఉన్న ఒక పెద్ద స్పోర్ట్స్ షోరూం. రెండంతస్తులు, బోర్డు మీద ఫ్లాగ్‌షిప్ స్టోర్, అంటే ఆ బ్రాండుకు ముఖ్యమైన పెద్ద షాపు అని ఉంటుంది. పేరు చెప్పను. నాకక్కడ ఒక గొడవైంది, అది తీరిపోయింది కూడా. తీరిన గొడవకు పేరు తగిలించి ఊరంతా తిప్పడం నాకిష్టం లేదు. కామెంట్లలో మీరూ పేర్లు రాయొద్దు, రాస్తే తీసేస్తాను.

అసలు స్పోర్ట్స్ షాపు సర్వీసు మీద ఇంత పెద్ద వీడియో ఎందుకు అంటారేమో. మన ఊరి సంగతి వేరు. ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ గ్రౌండ్లు ఉన్న ఊరు ఇది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు చాలావరకు ఇక్కడే ఆడారు. స్పెయిన్ ఆటగాడు నాదల్ పేరుతో టెన్నిస్ అకాడమీ 2010లోనే ఇక్కడ మొదలైంది, ఆయనే వచ్చి ప్రారంభించి పోయాడు. అదంతా పక్కన పెట్టండి, తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయి నిలబడండి. కానిస్టేబుల్ సెలక్షన్ కోసం 1600 మీటర్లు పరిగెత్తే పిల్లల కాళ్లు చూడండి. కొందరు ఉత్త కాళ్లతో, కొందరు వేలు బయటికొచ్చిన కాన్వాస్ షూతో. వాళ్లు మూడు నెలలు డబ్బు కూడబెట్టి ఒక జత కొనుక్కుంటారు. ఆ జత కాలికి సరిపడకపోతే వాళ్లకు ఇంకో మూడు నెలలు పోయినట్టే. అందుకే ఇక్కడ షాపువాళ్లు ఎట్ల చూపిస్తారు, ఎట్ల మారుస్తారు అన్నది చిన్న విషయం కాదు.

నేను పోయింది ఆదివారం సాయంత్రం, సేల్ టైంలో. కావాలనే పోయాను. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరైనా బాగానే మాట్లాడతారు. లోపల తిరునాళ్లలాగా ఉంది. పాట గట్టిగా పెట్టారు, పక్కనున్నాయన ఏమంటున్నాడో వినబడదు. కింది అంతస్తులో షూ, పైన బట్టలు. షూ దగ్గర నలుగురో ఐదుగురో కుర్రాళ్లు పనిచేస్తున్నారు, కస్టమర్లు యాభై మంది దాకా ఉన్నారు. కూర్చోడానికి రెండు బెంచీలు. వాటి నిండా విప్పేసిన షూలు, అట్టపెట్టెలు.

నా దగ్గరికొచ్చిన అబ్బాయి మంచివాడే. కానీ అడిగింది ఒకటే మాట: "సైజెంతన్నా?" ఎనిమిది అన్నాను. ఏ ఎనిమిది, యూకేదా అమెరికాదా అని అడగలేదు. చేతిలో స్కానర్ ఉంది, షూ కిందున్న బార్‌కోడ్ మీద పెట్టి చూశాడు. "ఎనిమిది కట్ అయిందన్నా, ఎనిమిదిన్నర ఉంది, సాక్స్ మందంగా వేసుకుంటే సరిపోతుంది" అన్నాడు. సేల్ టైంలో ఏ షాపుకు పోయినా ఈ మాట వినబడుతుంది. సైజు కట్ అయిందంటే ఆ మోడల్లో అన్ని సైజులూ లేవు, మధ్యలోవి అమ్ముడుపోయి అటూ ఇటూ మిగిలాయని. మిగిలినవాటిని ఎవరో ఒకరి కాలికి ఎక్కించాలి కదా.

యూకే సైజుల్లో ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా మూడో వంతు అంగుళం, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర సైజంటే నాలుగు మిల్లీమీటర్ల పైన. నడకకు పర్వాలేదేమో గానీ, పరిగెత్తేటప్పుడు ఆ నాలుగు మిల్లీమీటర్లే మడమ దగ్గర బొబ్బ లేపుతాయి. యూరప్ సైజుల లెక్క మళ్లీ వేరు, అక్కడ నంబరుకు ఆరున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు లెక్కలూ ఎక్కడా సరిగ్గా కలవవు. అందుకే ఒక కంపెనీలో 42 అంటే యూకే ఏడున్నర, ఇంకో కంపెనీలో అదే 42 యూకే ఎనిమిది. షూ నాలుక లోపల లేబుల్ మీద సెంటీమీటర్లలో కూడా ఒక అంకె ఉంటుంది చూడండి. ఇంట్లో గోడకు మడమ ఆనించి, పెద్దవేలు దాకా కొలుచుకుని పోండి. ఆ అంకెతో అడిగితే షాపులో మీతో వాదించేవాడుండడు.

ఇంక ఇప్పుడు చెప్పబోయేది ఆ రోజు నేను చూసిన అసలు సంగతి. నా బాక్సు వచ్చేలోపు తలుపు దగ్గర ఒకాయన కనబడ్డాడు. పంచె, భుజం మీద తువ్వాలు, పక్కన పద్నాలుగు పదిహేనేళ్ల పాప. ఆయన చెప్పులు గాజు తలుపు బయట విడిచి, ఉత్త కాళ్లతో లోపలికొచ్చి నిలబడ్డాడు. ఇద్దరు సేల్స్ పిల్లలు పక్కనుంచే పోయారు, ఒక్కరూ ఆగలేదు. ఆ పెద్దాయన కంటే వెనక వచ్చిన ముగ్గురు కాలేజీ పిల్లలకు మాత్రం "చెప్పండి బ్రో" అంటూ ఎదురుపోయారు. పెద్దాయన చేయెత్తి "ఏమప్పా, పాపకు పరిగెత్తే షూ యాడుండాయి?" అని అడిగితే, ఒక అబ్బాయి ఆగకుండానే "ఆ లైన్లో చూడండి" అని గోడ చూపించి పోయాడు. ఆ గోడకు వంద రకాలు వేలాడుతున్నాయి. ఏది పరిగెత్తేది, ఏది ఫ్యాషన్‌కు వేసుకునేదో ఆ మనిషికి ఎట్ల తెలుస్తుంది?

అప్పుడు పై అంతస్తు నుంచి బట్టలు మోసుకుని దిగుతున్న ఒక అమ్మాయి చూసింది. షూ సెక్షన్ ఆమెది కాదు. చేతిలో బట్టలు కౌంటర్ మీద పెట్టేసి నేరుగా పోయి, "చెప్పులు యేసుకొనే రా నాయనా, ఇక్కడేం విడవాల్సిన పని లేదు" అంది. బెంచీ మీదున్న డబ్బాలు తీసి పాపను కూర్చోబెట్టింది. కాలు కొలిచే పలక ఒకటి ఉంటుంది, ఇనుపది, మడమ పెట్టి ముందు పట్టీ జరిపితే సైజు, పక్క పట్టీ జరిపితే వెడల్పు తెలుస్తుంది. అది బెంచీ కింద దుమ్ము పట్టి ఉంది. తీసి, తన టీషర్టు అంచుతోనే తుడిచి, పాప రెండు కాళ్లూ కొలిచింది. ఎడమ కాలు కొంచెం పెద్దది. చాలామందికి రెండు కాళ్లు సమానంగా ఉండవు, పెద్ద కాలికి సరిపోయే సైజే తీసుకోవాలి. తర్వాత అడిగిన ప్రశ్నలు చూడండి. ఏం ఈవెంట్ అంది. ఎనిమిది వందల మీటర్లు అంది పాప. ట్రాక్ సింథటికా, మట్టిదా? మట్టిదే.

రెండు జతలు తెచ్చింది. ఒకటి 4,999, ఒకటి 2,299. పెద్దాయన ఖరీదైనదే మంచిదనుకుని దాని వైపు చేయి పెట్టాడు. ఆ అమ్మాయి "ఇది రోడ్డు మీద దూరం ఉరికేవాళ్లకు నాయనా, అడుగు మెత్తగా ఉంటుంది. మట్టి గ్రౌండులో దీనికి పట్టుండదు. పాపకు ఇదే చాలు" అని తక్కువ ధరది ముందుకు జరిపింది. పాపను లేపి నిలబెట్టి, వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉందో లేదో నొక్కి చూసింది. షాపులోనే ఆ చివరి దాకా ఉరికి రమ్మంది. ఆదివారం రద్దీలో, జనం మధ్యలోంచి ఆ పాప ఉరికింది.

నేనిచ్చే మార్కులన్నీ ఆ అమ్మాయికే. షాపుకు కాదు. ఎందుకంటే ఆ షాపు పద్ధతి ప్రకారం ఆమె చేసిన పని నష్టం. ఇలాంటి చోట్ల పిల్లలకు రోజూ టార్గెట్ ఉంటుంది. ఎంత అమ్మారన్నదే కాదు, బిల్లుకు ఎన్ని వస్తువులు పడ్డాయన్న లెక్క కూడా ఉంటుంది. షూ కొంటే సాక్స్, సాక్స్ తర్వాత వాటర్ బాటిల్, క్లీనింగ్ స్ప్రే అని వెంటపడేది అందుకే. మనకు చిరాకేస్తుంది, కానీ అది ఆ పిల్లల దురాశ కాదు. ఇంకోటి గమనించాను. ఆ షాపులో పనిచేసేవాళ్లకు ఒక్క స్టూలు కూడా లేదు. పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. పక్కన తమిళనాడులో 2021లో షాపుల చట్టం మార్చి, పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాల్సిందేనన్నారు. కేరళ అంతకు ముందే తెచ్చింది. మేనేజర్లూ, ఓనర్లూ ఈ వీడియో చూస్తుంటే నాలుగు స్టూళ్లు వేయించండి సార్. కాళ్లు లాగుతున్న మనిషి మన కాలు ఏం కొలుస్తాడు?

బిల్లింగ్ గురించి త్వరగా చెప్పేస్తాను. మూడు కౌంటర్లు, పనిచేసేది ఒకటి. ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు రాదన్నారు. అది కుదరదు. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకు చెప్పింది. ఇవ్వనంటే, సిస్టంలో ఏదో నొక్కారు, బిల్లు వచ్చింది. సంచికి డబ్బులడిగారు. ముందే బోర్డు పెట్టి చెప్పకుండా చివర్లో కౌంటర్ దగ్గర సంచికి డబ్బు పట్టడం తప్పని 2020లో జాతీయ వినియోగదారుల కమిషనే తేల్చింది. నేను డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు గొడవ సంగతి. కొన్ని వారాలు తిరక్కుండానే కుడి షూ ముందు భాగంలో సోల్ విడిపోయింది. ఇదిగో, దగ్గరగా చూడండి, గోరు పెడితే లోపలికి పోతోంది. జిగురు ఎండిపోయి పెచ్చులా రాలుతోంది. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం రాసుంటాయి, సేల్లో కొనేటప్పుడు అది చూడండి. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న షూ కొత్తదైనా జిగురు, కింది ఫోమ్ పాతబడిపోతాయి. అందులో మన ఎండలు.

బిల్లు, షూ పట్టుకుని పోతే మొదట "మేనేజర్ లేరన్నా". మేనేజర్ వచ్చాక "నీళ్లలో ఉతికారా?" ఆ తర్వాత "కంపెనీకి ఫోటో పంపిస్తాం, వాళ్లు ఒప్పుకుంటే క్రెడిట్ నోట్ ఇస్తాం, డబ్బు వెనక్కి ఇచ్చే పాలసీ లేదు". క్రెడిట్ నోట్ అంటే ఆ డబ్బుకు అదే షాపులో ఇంకోటి కొనుక్కోమని ఇచ్చే చీటీ. బిల్లు వెనక కూడా అదే అచ్చేసుంది. అమ్మేటప్పుడు అన్నా అన్నా అన్నవాళ్లు ఇప్పుడు సార్ అంటున్నారు, మర్యాద పెరిగేసరికే నాకు అర్థమైంది పని కాదని.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోండి. రంగు నచ్చలేదు, సైజు చాల్లేదు అంటే మార్చాలా వద్దా అన్నది ఆ షాపు ఇష్టం, వాళ్ల పాలసీ. కానీ వస్తువులోనే లోపముంటే అది పాలసీ విషయం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లు మీద రాసిన గడువులోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపల, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. నేను అరవలేదు. వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమన్నాను. ఇవ్వలేదు. బయటికొచ్చి 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. బిల్లు ఫోటో, షూ ఫోటో పంపించమన్నారు, పంపించాను. కొన్నాళ్లకు షాపు నుంచే ఫోన్ వచ్చింది, డబ్బు నా ఖాతాలో పడింది. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ కేసు వేయడానికి ఫీజు కూడా లేదు.

బెంగళూరులో కొని ఇక్కడ మార్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. బిల్లు పైన జీఎస్టీ నంబరు చూడండి. 37తో మొదలైతే ఆంధ్ర, 29 అయితే కర్ణాటక. దాని పక్కనే కంపెనీ పేరుంటుంది. చాలాసార్లు బోర్డు మీద ఒక పేరు, బిల్లు మీద ఇంకో పేరు ఉంటుంది. అలా ఉంటే అది ఫ్రాంచైజీ కావచ్చు, అంటే ఆ బ్రాండు పేరుతో వేరే ఎవరో నడుపుకునే షాపు. అక్కడ కొన్నది ఇక్కడ మార్చమంటే చాలామంది ఒప్పుకోరు. ఆన్‌లైన్‌లో కొన్నవీ అంతే. కొనేముందే అడిగేయండి.

మళ్లీ అదే షాపుకు పోతావా అంటే, పోతాను. స్టాకు బాగుంటుంది, ఆ అమ్మాయి లాంటివాళ్లు ఒక్కరున్నా చాలు. కానీ సేల్ ఆదివారం మాత్రం పోను. పొద్దున్నే షాపు తెరవగానే పోతే తీరిగ్గా చూపిస్తారు నిజమే, అయితే పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన షూ సాయంత్రం బిగుస్తుంది. కాబట్టి మంగళవారమో బుధవారమో సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య పోండి, ఆఫీసులు వదిలే లోపల. పరిగెత్తేటప్పుడు మీరు వేసుకునే సాక్సే తీసుకుపోండి. కాలు కొలిచే పలక కావాలని అడగండి. లేదంటే బెంచీ కింద చూడండి.