ఒక నగరం తన ప్రజల కోసం కొన్న కొండ: ఎడిన్‌బరో బ్రెయిడ్ హిల్స్ గోల్ఫ్ కోర్సు రివ్యూ

నమస్కారం. ఇప్పుడు తెర మీద మీకు కనిపిస్తున్న ఈ పచ్చటి కొండ స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు దక్షిణం వైపు, నగర హద్దుల లోపలే ఉన్న బ్రెయిడ్ హిల్స్. ఎడిన్‌బరో ఏడు కొండల మీద వెలసిన ఊరని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట వినగానే తెలుగువారి మనసు ఎక్కడికి వెళుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడింటిలో ఇదొకటి. సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున, గాలికి ఎదురుగా నిలిచిన ఈ కొండ మీద 18 హోల్స్ (బంతిని చేర్చవలసిన గుంతలు) ఉన్న గోల్ఫ్ కోర్సు ఉంది. సభ్యత్వం, సిఫారసు ఏవీ లేకుండా, సమయం బుక్ చేసుకుని రుసుము కట్టిన ఎవరైనా ఇక్కడ ఆడవచ్చు.

ఈ చివరి మాటను మరోసారి గట్టిగా చెప్పాలని ఉంది. గోల్ఫ్ అంటే డబ్బున్నవారి ఆట అనే అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని నయా ఖిల్లాలో ఉన్న కోర్సు లోపల ఆడినవారికంటే, దాన్ని బయటి నుంచి చూసి వెళ్ళిపోయినవారే మనలో ఎక్కువ. నేనూ అలా చూసి వెళ్ళిపోయినవాడినే. ఆట పుట్టి పెరిగిన దేశంలో మాత్రం ఒక బడి పిల్లవాడు, ఒక బస్సు డ్రైవరు, రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు ఒకరి తరువాత ఒకరు టీ (ప్రతి హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర నిలబడి తమ వంతు కోసం ఎదురుచూడటం చూశాక, ఆ అభిప్రాయం ఆటది కాదని, మన దగ్గర దానికి కట్టిన ప్రహరీలదని నాకు అర్థమైంది.

ధర సంగతి చెబుతాను. స్కాట్లండ్‌లోనే ఉన్న ప్రసిద్ధ సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో వేసవి రోజుల్లో ఒక రౌండుకు, అంటే 18 హోల్స్ ఒకసారి ఆడటానికి, 300 పౌండ్ల పైనే అవుతుంది. పైగా హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని తెలిపే అంకె) చూపించాలి, చాలామందికి లాటరీలో పేరు కూడా రావాలి. బ్రెయిడ్ హిల్స్‌లో మామూలు రోజున దాదాపు పదో వంతు సొమ్ముతో పని జరిగిపోతుంది, హ్యాండికాప్ అడగరు. రోజును బట్టి, వేళను బట్టి రుసుము మారుతుంది కనుక, నగరంలోని క్రీడా వసతుల నిర్వహణ చూసే ఎడిన్‌బరో లీజర్ సంస్థ బుకింగ్ పేజీలో చూసుకుని వెళ్ళండి.

ఇంత తక్కువ ధర ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలంటే 1889కి వెళ్ళాలి. అంతవరకు నగరంలోని గోల్ఫర్లు ఎక్కువగా బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే మైదానంలో ఆడేవారు. చుట్టూ ఇళ్ళు పెరిగాయి, నడిచేవారు పెరిగారు, ఎగిరి వచ్చే బంతులతో ఇబ్బంది కూడా పెరిగింది. అప్పుడు నగర పాలక మండలి ఆటను నిషేధించి ఊరుకోలేదు, కొండను కొని ఆటను అక్కడికి తరలించింది. 1880, 1881, 1882 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు బ్రిటన్‌లో జరిగే ఓపెన్ చాంపియన్‌షిప్ గెలిచిన మసెల్‌బరో ఆటగాడు బాబ్ ఫెర్గూసన్, పీటర్ మెక్‌యువన్‌తో కలిసి కోర్సుకు రూపం ఇచ్చాడు. ప్రజల సొమ్ముతో కొన్న ఆ నేల ఈనాటికీ ప్రజల కోసమే ఉండటం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం. ఆ కొండ మీద ఆట నేర్చిన ఎడిన్‌బరో కుర్రవాడు టామీ ఆర్మర్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కంటి చూపు కోల్పోయి కూడా 1927లో యూఎస్ ఓపెన్, 1931లో కార్నూస్టీలో ఓపెన్ గెలిచాడు. అయిదుసార్లు ఓపెన్ గెలిచిన జేమ్స్ బ్రెయిడ్ కూడా ఎడిన్‌బరోలో వడ్రంగిగా పనిచేసిన రోజుల్లో ఇక్కడ ఆడాడు. అయితే కొండకు ఆ పేరు ఆయన వల్ల వచ్చింది కాదు, ఆయన పుట్టకముందు నుంచే ఉంది.

ఇక నేల గురించి. గోల్ఫ్ కోర్సులను స్థూలంగా సముద్రతీరపు ఇసుక నేలల లింక్స్ అని, లోతట్టున చెట్ల మధ్య మెత్తటి పచ్చికతో ఉండే పార్క్‌లాండ్ అని చెబుతారు. నగరం నుంచి బయలుదేరేటప్పుడు నేను పార్క్‌లాండ్‌ను ఊహించుకున్నాను, కానీ బ్రెయిడ్ హిల్స్ ఆ రెండింటికీ పూర్తిగా చెందదు. పచ్చిక పార్కులాగే ఉంటుంది, గాలి మాత్రం సముద్రతీరంలా ఉంటుంది. అన్నిటికీ అడుగున దాదాపు 40 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వత శిల ఉంది. కొన్నిచోట్ల ఆ రాయి పలుచటి మట్టిని చీల్చుకుని పైకి వచ్చింది. బంతి దాని మీద పడితే ఏ దిక్కుకు ఎగురుతుందో చెప్పలేం.

కోర్సు పొడవు ఆరు వేల గజాల లోపే. పెద్ద పోటీలు జరిగే కోర్సులు ఏడు వేల గజాలు దాటుతాయి కనుక, స్కోర్‌కార్డు చూసి ఇది సులువనుకునే ప్రమాదం ఉంది. పొడవులో తగ్గినదంతా వాలులో వసూలవుతుంది. కాళ్ళు సమంగా ఆనే చోటు దొరకడమే కష్టం. బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే కుడిచేతి ఆటగాడు కొట్టిన దెబ్బ ఎడమకు లాగుతుంది, పల్లంలో ఉంటే కుడికి జారుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకుని గురి పెట్టేలోపు, నైరుతి నుంచి వచ్చే గాలి లెక్కంతా మార్చేస్తుంది. కొన్ని హోల్స్‌లో టీ దగ్గర నిలబడితే ఫెయిర్‌వే (బంతి పడవలసిన, పచ్చిక కత్తిరించిన దారి) కనిపించదు, అది గుట్ట అవతల ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు తెలిసినవారి వెంట ఆడటం మేలు. నేను డ్రైవరును (ఎక్కువ దూరం కొట్టే పొడవాటి కర్ర) సంచిలోనే ఉంచి, మధ్య రకం ఐరన్‌తో (లోహపు తల ఉన్న పొట్టి కర్ర) బంతిని తక్కువ ఎత్తులో కొట్టడం మొదలుపెట్టాకే ఆట దారికి వచ్చింది.

ఫెయిర్‌వేల పక్కన బారులు తీరిన గోర్స్ పొదల గురించి వివరంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇవి కొండంతా పసుపు రాసినట్టు పూస్తాయి. దగ్గరకు వెళ్ళి ముక్కు పెడితే వచ్చేది అచ్చంగా పచ్చి కొబ్బరి కోరిన వాసన. ఇంటికి అయిదు వేల మైళ్ళ దూరంలో, చలిగాలిలో, ఆ వాసన తగిలినప్పుడు నేను ఒక నిమిషం పాటు ఆట మరచిపోయాను. కానీ ఆ పూల కింద ఆకులు ఉండవలసిన చోటంతా ముళ్ళే. బంతి ఆ పొదలోకి వెళితే వెతకడానికి నిబంధనల ప్రకారం 3 నిమిషాలే సమయం, దొరకకపోతే ఒక దెబ్బ జరిమానాతో మునుపటి చోటికే తిరిగి వెళ్ళి కొట్టాలి. అందువల్ల పొద వైపు వెళ్ళినట్టు అనుమానం రాగానే ముందుకు నడవకుండా అక్కడి నుంచే మరో బంతి కొట్టి పెట్టుకోండి. ఆ రోజు నేను అయిదు బంతులు పోగొట్టుకున్నాను, చేతి మీద గీతలు రెండు రోజులు ఉన్నాయి. ఖరీదైన కొత్త బంతులు ఈ కొండకు తీసుకువెళ్ళకండి.

ఎత్తైన టీల దగ్గర ఈ దృశ్యం చూడండి. ఉత్తరాన ముందుగా అబ్జర్వేటరీ ఉన్న బ్లాక్‌ఫోర్డ్ కొండ, దాని వెనుక ఎడిన్‌బరో కోట, కుడివైపున ఆర్థర్స్ సీట్, ఆ పైన ఫోర్త్ సముద్రపాయ, అవతలి ఒడ్డున ఫైఫ్. వెనక్కి తిరిగితే పెంట్‌లాండ్ కొండలు.

ఎవరు వెళ్ళాలి అంటే, కాస్తయినా ఆడటం వచ్చినవారు తప్పక వెళ్ళాలని నా అభిప్రాయం. అసలు ఎన్నడూ క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టనివారికి 18 హోల్స్ ఎక్కువ. వారి కోసం అక్కడే 9 హోల్స్ చిన్న కోర్సు ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారు మాత్రం బాగా ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఎక్కడం ఎంత కష్టమో, తడిసిన పచ్చిక మీద దిగడమూ అంతే కష్టం. కుక్కలతో నడిచేవారు, పిల్లలతో వచ్చే కుటుంబాలు కోర్సు మధ్య నుంచి వెళుతుంటే ఆశ్చర్యపోవద్దు. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం గ్రీన్ల (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద అడుగు పెట్టకుండా, ఆటకు అడ్డు రాకుండా గోల్ఫ్ కోర్సును దాటి వెళ్ళే హక్కును అందరికీ ఇచ్చింది. వారు దాటే వరకు ఆగండి, బంతి అటు వెళితే వెంటనే ‘ఫోర్’ (బంతి వస్తోంది, జాగ్రత్త అనే హెచ్చరిక) అని గట్టిగా అరవండి.

వేళ విషయంలో ఒక సలహా. డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో రాత్రి పది గంటలకు. కనుక జూన్‌లో వెళితే సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో సమయం తీసుకోండి. రద్దీ తగ్గి ఉంటుంది, పద్దెనిమిదో హోల్ ముగించేసరికి ఇంకా పట్ట పగటి వెలుతురే ఉంటుంది. గాలిని ఆపే పలుచటి జాకెట్ ఒకటి సంచిలో పెట్టుకోండి. ఆట అయ్యాక కొండ కింది మార్నింగ్‌సైడ్ వరకు నడిచి దిగి అక్కడ బస్సు ఎక్కితే నగరం నడిబొడ్డున ఉన్న ప్రిన్సెస్ స్ట్రీట్ చేరుకోవచ్చు.