తలుపు తీసిన చప్పుడు

అందరికీ నమస్కారం. మైకు దొరికింది కదా అని గంటసేపు కూర్చోబెట్టను, ఒక్క పాట గురించే చెప్తాను. సియాటిల్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ 1994లో 'వైటాలజీ' ఆల్బమ్‌లో పెట్టిన 'బెటర్ మ్యాన్'. హాస్టల్లో మొదటిసారి విన్నప్పుడు ఇది ప్రేమపాటే అనుకున్నాను. పాటలో ఒకావిడ ఇతనికంటే మంచివాడు దొరకడంటోంది, ఇంకేం కావాలి!

మొదటి చరణం కుదురుగా విన్నాక తెలిసింది. గడియారంలో నాలుగైంది, ఆవిడ ఎదురుచూస్తోంది. ఇక నావల్ల కాదు, ఇవాళ చెప్పేస్తాను అని మాటలు కూర్చుకుంటోంది, మనం సెలవడగడానికి మేనేజర్ గది బయట నిలబడి రిహార్సల్ వేసుకుంటామే, అలా. ఇంతలో అతను తలుపు తీశాడు. అంతే, ఆవిడ అటు తిరిగి నిద్ర నటించింది.

ఆ వెంటనే పల్లవి. అతనంటే ప్రేమేనని ఆవిడ చెప్పుకునే అబద్ధం. ఇంగ్లీషులో ఆ 'లైస్' అన్న మాటకి అబద్ధమాడుతుంది అనీ, పడుకుని ఉంది అనీ రెండర్థాలు. ఇప్పుడే కదా అటు తిరిగి పడుకుంది!

"అయితే వెళ్లిపోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. నాకు ఈ ప్రశ్న అంటేనే చిరాకు. ఒకప్పుడు తను ఎంత ధైర్యంగా ఉండేదో ఆవిడకి గుర్తుంది, పాటలోనే ఉంది ఆ మాట. గుర్తున్నా కాళ్లు కదలవు.

బ్యాండ్ గాయకుడు ఎడ్డీ వెడర్ దీన్ని హైస్కూల్ రోజుల్లోనే రాశాడు. ఒకసారి స్టేజీ మీద, మా అమ్మని పెళ్లాడినవాడికి అంటూ అంకితమిచ్చాడు, మధ్యలో ఒక తిట్టు ఉందిలెండి, అది ఇక్కడ వద్దు. అది తెలిశాక నాకు పాట మొత్తం మారిపోయింది. ఇందులో 'నేను' లేదు, అంతా 'ఆమె'. మరి ఆవిడ నిద్ర నటిస్తోందని చెప్తున్నదెవరు? మొగుడికి తెలియదు, ఆవిడ ఎవరికీ చెప్పదు. పక్క గదిలో మెలకువగా ఉన్న పిల్లాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఇది నా ఊహే, కానీ ఇక వేరేలా వినలేకపోతున్నాను.

కచేరీల్లో మొదటి చరణం జనమే పాడేస్తారు. వేలమంది, మహా హుషారుగా. ఆయన గిటారు వాయిస్తూ వింటుంటాడు. ఆల్బమ్‌లో మాత్రం చాలాసేపు గొంతు తగ్గించే పాడతాడు, డ్రమ్స్ కూడా ఉండవు. ఇంట్లో ఎవరో పడుకున్నట్టు.