ఎర్రగా కనిపిస్తే ఎముక విరిగినట్టేనా?

కొరికేటప్పుడు ఎముకలో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టి, రంగులు పూసిన డైనోసార్ పుర్రె బొమ్మలు నెట్‌లో తెగ తిరుగుతుంటాయి. చూడగానే "ఎర్రగున్న కాడ విరుగుతదన్నా" అంటారు మనోళ్లు. కాదు! మిగతా చోట్ల కంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ, అంతే. ఏ రంగు ఎంత ఒత్తిడో చెప్పే పక్కనున్న స్కేలు అంకెలు పెంచి చూడండి, అదే ఎముక మొత్తం నీలంగా మారుతుంది.

మన నల్లగొండ దిక్కు నులక మంచం గుర్తు తెచ్చుకోండి. నడుమ కూర్చుంటే బరువు ఒక్క తాడు మీద ఆగదు, అల్లిక వెంబడి పాకి, పట్టెల మీదుగా కోళ్లలోకి దిగుతుంది. సాఫ్ట్‌వేర్ లెక్క కట్టేది ఈ పాకడాన్నే. సీటీ స్కాన్‌తో తీసిన ఎముక ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క పక్కదాన్ని ఎంత లాగుతుందో చూస్తుంది. అల్లిక ఎంత దగ్గరగా ఉంటే, అంటే ముక్కలు ఎంత చిన్నవైతే, లెక్క అంత సన్నగా వస్తుంది, కాకపోతే లాప్‌టాప్ ఫ్యాన్ మొత్తుకుంటుంది. ఇక మంచానికి కోళ్లు ఉండాలి కదా? దవడ కీలును, కొరికే పన్నును కదలకుండా కట్టేయకపోతే మోడల్ జారిపోతుంది, జవాబే రాదు.

బెల్జియంలోని లీజ్ యూనివర్సిటీ వాళ్ల 'ఫాసిల్స్' అనే సాఫ్ట్‌వేర్ ఇందుకే ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్‌లో నడుస్తుంది. కండరం ఎక్కడ అంటుకుందో, ఎటు లాగుతుందో, ఎన్ని న్యూటన్ల (బలానికి కొలత) తో లాగుతుందో మనమే ఇవ్వాలి. మంచం మీద ఎవరు కూర్చున్నారో మంచానికేం తెలుసు! పన్ను దగ్గర తేలే కొరుకుడు బలం మాత్రం అది చెబుతుంది, అదీ మనమిచ్చిన అంకెల మీదే ఆధారపడి.

"శిలాజం రాయి కదా?" అని అడుగుతారు. ఆకారం ఒక్కటే శిలాజానిది. గట్టిదనం మాత్రం ఇప్పటి జంతువుల ఎముకలది, సుమారు 10 నుంచి 20 గిగాపాస్కల్స్ (గట్టిదనానికి కొలత), మనం వేసుకుంటాం. అందుకే ఒక్క బొమ్మను నమ్మడం కంటే, ఒకే అంకెలతో రెండు పుర్రెలను పోల్చి చూడటమే నాకు నచ్చే పని.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 2001లో శిలాజాల శాస్త్రవేత్త ఎమిలీ రేఫీల్డ్ బృందం అల్లోసారస్ అనే మాంసాహార డైనోసార్ పుర్రెకు ఇట్లాగే లెక్క కట్టింది. దాని కండరాలు కొరికే బలం కంటే పుర్రె ఎంతో ఎక్కువ తట్టుకుంటుందని తేలింది. మరి మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన డైనోసార్ కోటసారస్ ఎంత గట్టిగా కొరికేది? పళ్లు తప్ప దాని పుర్రె దొరకలేదు, కాబట్టి కొరుకుడు లెక్క వదిలేయండి. కాలి ఎముక స్కాన్ ఎవరైనా ఇస్తే మాత్రం ఈ రాత్రే కూర్చుంటా.