నీటితొట్టెలో క్షయ: కప్పలకు, చేపలకు, మన చేతులకు

సభకు నమస్కారం.

ఆఫ్రికా గోళ్ల కప్ప జెనోపస్‌తో మొదలుపెడతాను. 1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు గర్భనిర్ధారణ పరీక్షకు ఈ కప్పే ఆధారం. సాయంత్రం స్త్రీ మూత్రాన్ని ఆడ కప్పకు సూదిమందుగా ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయిన పక్షంలో తెల్లవారేసరికి కప్ప గుడ్లు పెట్టేది. ఆ అవసరం తీరాక కూడా పిండశాస్త్ర ప్రయోగశాలలు దాన్ని వదల్లేదు. కప్పలు తరతరాలుగా తొట్టెల్లోనే పుట్టి పెరగడం మొదలయ్యాక, వాటితోపాటు వాటి జబ్బులూ మన లెక్కలోకి వచ్చాయి.

జెనోపస్ చర్మపు పుండ్ల నుంచి వేరుచేసిన, క్షయ క్రిమి కుటుంబానికే చెందిన ఒక క్రిమికి 1959లో మైకోబాక్టీరియం జెనోపి అని పేరు పెట్టారు. 2004 ప్రాంతంలో అమెరికా ప్రయోగశాలల్లోని పశ్చిమ ఆఫ్రికా జాతి కప్పల్లో లిఫ్లాండియై అనే మరో రకం బయటపడింది. మనుషుల్లో చర్మాన్ని తినేసే బురులి పుండును కలిగించే క్రిమికి ఇది దగ్గరి బంధువు, విషమూ అదే కోవకు చెందినది.

జబ్బుపడిన కప్ప మేత ముట్టదు, పొట్ట ఉబ్బుతుంది, చర్మం అక్కడక్కడా పుండుపడుతుంది. అది చనిపోయాక కోసి చూస్తే కాలేయం మీదా ప్లీహం మీదా బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి గింజలు కనిపిస్తాయి. ఆ గింజను గాజుపలక మీద రుద్ది, జీల్–నీల్సన్ పద్ధతిలో రంగు వేసి, ఆమ్లంతో కడిగినా, ఎర్రటి సన్నని పుల్లల్లాంటి క్రిములు రంగు వదలకుండా నిలుస్తాయి. మనిషి క్షయకు కఫం పరీక్షలో చూసేదీ ఇదే గుణం.

ఇటువంటి ఫలితం రాగానే, ఈ క్రిమి ఏ దుకాణం నుంచి వచ్చిందో వెతకడం చాలామందికి అలవాటు. కొత్త జీవాలను కొన్ని వారాలు విడిగా ఉంచడం తప్పనిసరే, కాదనను. కానీ ఈ జాతి క్రిముల్లో చాలా భాగం నీటిలోనే, పైపుల లోపలి జిగురు పొరలోనే, ఫిల్టరు స్పాంజిలోనే కాపురం ఉంటాయి. తొట్టె కిక్కిరిసినప్పుడు, నీరు చెడినప్పుడు, చచ్చిన చేపను తోటి చేపలు పీక్కుతిన్నప్పుడు అవి జబ్బుగా మారతాయి. అందుకే తొట్టెలో యాంటీబయాటిక్ పొడి కలపడం నాకు నచ్చని పని: జబ్బు పోదు, మందుకు లొంగని క్రిములు మాత్రం మిగులుతాయి. ప్రయోగశాలల్లో సాధారణంగా జబ్బుపడిన జీవాలను బాధ లేకుండా చంపి, తొట్టెలు ఖాళీ చేసి శుద్ధి చేస్తారు. మైనం పూసినట్టుండే కణకవచం వల్ల ఈ క్రిములు క్లోరిన్‌కు అంత తొందరగా లొంగవు కాబట్టి, జిగురంతా రుద్ది కడిగాక పనిముట్లకు 70 శాతం ఆల్కహాల్ వాడటం మేలు.

ఇక మన సంగతి. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలోని సముద్రపు చేపల నుంచి మైకోబాక్టీరియం మెరైనమ్‌ను వేరుచేశారు. 1950లలో స్వీడన్‌లో ఈతకొలనుకు వెళ్లినవారి చర్మపు గడ్డల్లో దొరికిన క్రిమిని కొత్తదనుకుని బాల్నియై అని పిలిచారు. తీరా చూస్తే రెండూ ఒకటే. దీనికి సుమారు 30 డిగ్రీల వేడి బాగా సరిపడుతుంది, 37 దగ్గర సరిగా పెరగదు. కాబట్టి లోపలి అవయవాల జోలికి అరుదుగా వెళ్లి, చల్లగా ఉండే వేళ్లు, మణికట్టు, మోచేయి పట్టుకుంటుంది. తొట్టె కడిగేటప్పుడు గీరుకుపోయిన చోట, రెండు మూడు వారాలకో ఇంకా ఆలస్యంగానో, నొప్పి అంతగా లేని ఎర్రటి బొడిపె లేస్తుంది. కొందరికి అలాంటివే చేయి పొడవునా వరుసగా పైకి పాకుతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు గానీ, మందులు నెలల తరబడి వాడాలి.

చేతికి గాయం ఉంటే గ్లవుజులు లేకుండా తొట్టెలో చేయి పెట్టకండి. నీళ్లు తోడటానికి గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది మానండి. మానని పుండుతో డాక్టరు దగ్గరికి వెళ్తే, అడగకపోయినా, ఇంట్లో అక్వేరియం ఉందని చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తేనే నమూనాను 30 డిగ్రీల దగ్గర కూడా పెంచి చూడమని ఆయన ల్యాబుకు రాయగలరు.