అమెరికాలో ‘రెడ్ ఫ్లాగ్’ అంటే ఏంటి? పిల్లలు అక్కడున్న అమ్మానాన్నల కోసం

[స్క్రీన్ మీద: అమెరికా మ్యాప్. కొన్ని జిల్లాలకు ఎరుపు రంగు]

నమస్కారం అండి. ఈ మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తున్న చోట్ల ఇంకా కార్చిచ్చు మంటలు లేవు. అయినా ఎరుపు వేశారు. ఈ రోజు అక్కడ ఒక్క నిప్పురవ్వ పడినా ఆపడం కష్టమని వాతావరణ శాఖ ముందే చెబుతోంది. దీన్నే రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ అంటారు.

హైదరాబాద్‌లో కూర్చుని దీని గురించి ఎందుకు చెబుతున్నానంటే, కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. టీవీలో మంటలు చూడగానే ఫోన్ చేస్తాం. “నాన్నా, మీ దగ్గరేనా?” అని అడుగుతాం. “మాకు చాలా దూరం అమ్మా, టెన్షన్ పడకు” అంటారు. అంతటితో ఫోన్ పెట్టేస్తాం. మంట ఎంత దూరంలో ఉందన్నది తప్పకుండా అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఈ రోజు అక్కడ గాలి ఎలా ఉంది, తేమ ఎంత ఉంది?

[స్క్రీన్ మీద: 2025 జనవరి 7, లాస్ ఏంజెలెస్]

2025 జనవరి 7. అక్కడ ఉదయం పదిన్నర, మనకు అర్ధరాత్రి. లాస్ ఏంజెలెస్‌లో సముద్రం పక్కనున్న పాలిసేడ్స్ కొండల్లో మంట మొదలైంది. అదే సాయంత్రం ఆరు దాటాక, ఊరికి ఇంకోవైపు ఆల్టడీనా దగ్గర ఈటన్ మంట మొదలైంది. మనం ఇక్కడ సంక్రాంతి ప్రయాణాలకు బట్టలు సర్దుకుంటున్న రోజులవి. ఆ రెండు మంటల్లో కలిపి 31 మంది చనిపోయారు. 16 వేలకు పైగా ఇళ్లు, కట్టడాలు కాలిపోయాయి.

జనవరి అంటే అక్కడ చలికాలం. చలికాలంలో అడవి అంటుకోవడం ఏంటని చాలామంది అడిగారు. మన మనసులో మంటకీ ఎండాకాలానికీ అంత గట్టి ముడి ఉంది. ఆ ముడి విప్పితేగానీ మిగతాది అర్థం కాదు.

డాబా మీద ఆరేసిన బట్టలు గుర్తు తెచ్చుకోండి. జులైలో వేడి ఉన్నా ముసురు పట్టిందంటే రెండు రోజులైనా చెమ్మ పోదు. అదే జనవరిలో చల్లగా ఉన్నా పొడిగాలి వీస్తే మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి. గడ్డి, పొదలు, ఎండుటాకులు కూడా అంతే. వాటిలోని తడిని లాగేసేది పొడిగాలి. ఎండ దానికి సాయం చేస్తుంది, కానీ ఎండ లేకపోయినా ఆ పని ఆగదు.

అందుకే అమెరికా వాతావరణ శాఖ, అంటే నేషనల్ వెదర్ సర్వీస్, రెడ్ ఫ్లాగ్ ఇచ్చేటప్పుడు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది: గాలి వేగం, గాలిలో తేమ, నేల మీద ఉన్న గడ్డీ పొదా ఎంత ఎండాయి. ప్రాంతాన్ని బట్టి లెక్కలు మారతాయి. దక్షిణ కాలిఫోర్నియాలో అయితే తేమ 15 శాతానికి పడిపోయి, గంటకు 40 కిలోమీటర్లు దాటిన గాలి కొన్ని గంటల పాటు వీస్తుందంటే వార్నింగ్ ఇస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మన హైదరాబాద్‌లో తేమ 30 శాతం దగ్గరికి వస్తేనే పెదవులు పగులుతాయి. అందులో సగం అంటే ఎంత పొడిగా ఉంటుందో ఊహించుకోండి.

[స్క్రీన్ మీద: నెవాడా ఎడారి నుంచి కొండల మీదుగా సముద్రం వైపు బాణాలు]

ఇంత పొడిగాలి ఎక్కడి నుంచి వస్తుంది? లాస్ ఏంజెలెస్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కదా, తేమ ఉండాలి కదా! మామూలు రోజుల్లో ఉంటుంది. కానీ శరదృతువు నుంచి చలికాలం దాకా కొన్ని రోజులు గాలి తిరగబడుతుంది. లోపల నెవాడా, యూటా రాష్ట్రాల్లో ఎత్తైన ఎడారి పీఠభూమి ఉంది. అక్కడ గాలి పీడనం బాగా పెరిగినప్పుడు, ఆ గాలి కొండల సందుల్లోంచి సముద్రం వైపు పరుగెడుతుంది. పైనుంచి కిందికి దిగే గాలి నొక్కుకుపోతుంది, నొక్కుకుపోయే కొద్దీ వేడెక్కుతుంది. ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. బయల్దేరినప్పుడే ఎడారి గాలి, అందులో ఉన్నదే కాస్త తేమ. వేడెక్కాక అది ఇంకా పొడిబారుతుంది. కొండ సందుల్లో ఇరుకు వల్ల వేగం కూడా పెరుగుతుంది. దీనికి శాంటా ఆనా గాలి అని పేరు. జనవరి 7న కొండల మీద కొన్ని చోట్ల ఈ గాలి గంటకు 130 కిలోమీటర్లు దాటింది. ఆ రాత్రి నీళ్లు చల్లే హెలికాప్టర్లు, విమానాలు కొన్ని గంటల పాటు ఎగరలేకపోయాయి.

ఇక నేల సంగతి. అంతకుముందు రెండు చలికాలాలు అక్కడ వానలు బాగా పడ్డాయి. గడ్డి, పొదలు ఏపుగా పెరిగాయి. వానలు పడటం మంచిదే అనుకుంటాం. కానీ ఆ తర్వాత 2024 మే నుంచి జనవరి మొదటి వారం దాకా లాస్ ఏంజెలెస్ నగరంలో 5 మిల్లీమీటర్ల వాన కూడా పడలేదు. పెరిగిందంతా నిలువునా ఎండిపోయింది.

ఎండటంలోనూ తేడాలున్నాయి. మంటల్ని అంచనా వేసేవాళ్లు కట్టెల్ని లావును బట్టి విడదీస్తారు. గడ్డి, సన్న పుల్లలు గాలి పొడిబారిన గంటలోనే ఎండిపోతాయి. వేలు లావు పుల్లలకు 10 గంటలు, మణికట్టు లావు కొమ్మలకు 100 గంటలు, పెద్ద దుంగలకు 1000 గంటలు అని లెక్క. కాబట్టి నిన్న వాన పడింది కదా, పర్వాలేదు అనుకోవడానికి లేదు. గడ్డినేలల్లో నిన్నటి వాన ఈ రోజు మధ్యాహ్నానికి లెక్కలోకే రాకపోవచ్చు. దుంగలు కూడా ఎండిపోయాయంటే మాత్రం అది నెలల తరబడి ఉన్న కరువు. అలాంటి మంట అంత తొందరగా ఆరదు.

[స్క్రీన్ మీద: గాల్లో ఎగురుతున్న నిప్పురవ్వలు, ఇంటి కప్పు]

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. మంట ఒక గోడలా నడిచి వచ్చి ఇంటిని ముంచేస్తుందని మనం అనుకుంటాం. ఇలాంటి గాలి రోజుల్లో ఎక్కువ ఇళ్లు అంటుకునేది ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. ఒక్కో రవ్వ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు కూడా ఎగిరిపోగలదు. కప్పు అంచున వాన నీళ్లు పోవడానికి పెట్టిన గట్టర్‌లో పేరుకున్న ఎండుటాకుల్లో పడుతుంది. అటక గాలి ఆడటానికి పెట్టిన జాలీలోంచి లోపలికి దూరుతుంది. గోడకు ఆనించిన చెక్క కంచె మీద పడుతుంది. ఆ ఇల్లు అంటుకుంటే దాని రవ్వలు పక్కింటికి. అడవిలో మొదలైన మంట ఊళ్లోకి వచ్చాక ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది. మధ్యలో చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి, ఇళ్లు బూడిదై ఉంటాయి. అలాంటి ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

‘చాలా దూరం’ అన్న మాట నన్ను కలవరపెట్టేది ఇందుకే. 2021 డిసెంబర్ 30న కొలరాడోలో బౌల్డర్ పక్కన మార్షల్ ఫైర్ అనే మంట వచ్చింది. గడ్డినేలలో పుట్టి, గంటకు 160 కిలోమీటర్లు దాటిన గాలికి, లూయీవిల్, సుపీరియర్ అనే ఊళ్లలోకి వచ్చేసింది. అవి అడవి ఊళ్లు కావు. షాపింగ్ కాంప్లెక్సులు, వరస ఇళ్లు ఉన్న మామూలు శివారు కాలనీలు. ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్లు పోయాయి. మర్నాడు అక్కడ మంచు కురిసింది.

2023 ఆగస్టు 8న హవాయిలో లహైనా పట్టణం కాలింది, 102 మంది చనిపోయారు. అక్కడా పొడిగాలే, అక్కడా ఎండిన గడ్డే.

[స్క్రీన్ మీద: నెలలు మారుతుంటే మ్యాప్‌లో రంగు జరుగుతూ ఉంటుంది]

అమెరికా మొత్తానికి ఒకటే మంటల సీజన్ ఉండదు. మన పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నారో దాన్ని బట్టి చూసుకోవాలి. టెక్సస్, ఓక్లహోమా గడ్డినేలల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, పాత గడ్డి ఎండి కొత్తది ఇంకా మొలవని రోజులు. 2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసన మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట 10 లక్షల ఎకరాలు దాటింది. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు. డాలస్‌కి అది నిజంగానే చాలా దూరం, అది కూడా చెప్పాలి. ఆరిజోనా, న్యూ మెక్సికోలకు మే, జూన్ గడ్డుకాలం, వానలు వచ్చేదాకా. వాషింగ్టన్, ఆరెగన్, మోంటానా వైపు జులై నుంచి సెప్టెంబర్. కాలిఫోర్నియాకు వేసవి ఒక ఎత్తు, శాంటా ఆనా గాలులు వీచే రోజులు ఇంకో ఎత్తు. న్యూజెర్సీలో ఉన్నాం, మాకేం కాదు అనే వాళ్లకు: 2025 ఏప్రిల్‌లో అక్కడి ఓషన్ కౌంటీ పైన్ అడవుల్లో 15 వేల ఎకరాలు కాలాయి.

నిప్పు పెట్టేది ఎవరు అంటే, అక్కడ ఎక్కువ మంటలకు కారణం మనుషులే. తెగిన కరెంటు తీగ, సరిగా ఆర్పని చలిమంట, చెత్త కాల్చడం. మన నల్లమలలోనూ ఫిబ్రవరి నుంచి మే దాకా అంటుకునేవి ఎక్కువగా మనిషి చేతి నిప్పులే. అడవులు కాలుతున్నాయని ఉపగ్రహాలు పట్టేస్తాయి. మన షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రంలో కూడా ఆ డేటా అందుకుంటారు. కానీ ఉపగ్రహం చూసేసరికే మంట పుట్టి ఉంటుంది. రెడ్ ఫ్లాగ్ మాత్రం పుట్టకముందే వస్తుంది. అదే దాని విలువ.

[స్క్రీన్ మీద: నాలుగు మాటలు, ఒకదాని కింద ఒకటి]

అక్కడ వినిపించే మాటలు తెలుసుకుందాం. ‘ఫైర్ వెదర్ వాచ్’ అంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో అలాంటి వాతావరణం రావచ్చు అని. ‘రెడ్ ఫ్లాగ్ వార్నింగ్’ అంటే వచ్చేసింది, లేదా రేపటికల్లా వస్తుంది. ఇవి రెండూ వాతావరణం గురించి. తర్వాతి రెండూ మంట గురించి. ‘ఎవాక్యుయేషన్ వార్నింగ్’ అంటే సామాను సర్దుకుని సిద్ధంగా ఉండండి, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఇప్పుడే బయల్దేరండి. ‘ఎవాక్యుయేషన్ ఆర్డర్’ అంటే ఇంకేమీ చూడకుండా వెళ్లిపోండి.

ఆర్డర్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు, దయచేసి. ఈటన్ మంటలో చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ పశ్చిమ ఆల్టడీనా వాళ్లు. అక్కడ ఆర్డర్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. మంట మొదలై అప్పటికి ఎనిమిది గంటలు పైనే. చనిపోయినవాళ్లలో చాలామంది వృద్ధులు. ఇది తలుచుకుంటే నాకు ఆరు నెలల కోసం పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలే గుర్తొస్తారు. పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసులో. ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ, ఒక మనవరాలు. కారు నడపడం రాదు, పక్కింటి వాళ్లతో మాట కలపడం కష్టం.

మీరు అలా వెళ్తున్నట్టయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం పంపే అత్యవసర మెసేజ్ సెల్ టవర్ నుంచి వస్తుంది, వైఫై నుంచి రాదు. ఇండియా సిమ్ తీసేసి, వైఫై మీద వాట్సాప్ మాత్రమే వాడుకునే ఫోన్‌ని నమ్ముకుని కూర్చోవద్దు. చవకదైనా సరే, అక్కడి సిమ్ ఒకటి పెట్టించుకోండి. ఇంటి అడ్రస్ కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. ఆఫీసు నుంచి అబ్బాయి రాలేకపోతే మిమ్మల్ని కారెక్కించుకునేది ఎవరో ముందే మాట్లాడి పెట్టమనండి. రోడ్లు మూసేస్తే అతను ఎంత తొందరపడినా మీ దాకా రాలేడు.

ఇక్కడే ఉన్నవాళ్లు ఫోన్‌లో అడగాల్సింది: మీ ఏరియాకి రెడ్ ఫ్లాగ్ ఉందా? మీ ఎవాక్యుయేషన్ జోన్ నంబర్ ఎంత (ఖాళీ చేయించేటప్పుడు మీ ఇల్లు ఏ భాగం కిందికి వస్తుందో చెప్పే నంబర్)? కారులో పెట్రోల్ ఉందా? గాలి రోజున కరెంటు కంపెనీ ముందు జాగ్రత్తగా సప్లై ఆపేస్తే గరాజ్ తలుపు చేత్తో తీయడం వచ్చా? పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, నాన్న బీపీ మాత్రలు ఒకే బ్యాగులో ఉన్నాయా? వెదర్ సర్వీస్ సైట్‌లో వాళ్ల జిప్ కోడ్ కొడితే వార్నింగ్ ఉందో లేదో ఇక్కడి నుంచే మీకూ కనిపిస్తుంది. వాళ్లకు రాత్రి అయినప్పుడు మనకు పగలు. వాళ్లు నిద్రలో ఉన్నప్పుడు వార్నింగ్ వస్తే చూసి ఫోన్ చేసి లేపడానికి మనం మెలకువగా ఉంటాం.

మీ పిల్లలు ఉన్న రాష్ట్రం పేరు కింద కామెంట్‌లో రాయండి, అడ్రస్, జిప్ కోడ్ మాత్రం రాయొద్దు. ఎక్కువమంది అడిగిన రాష్ట్రం గురించి, అక్కడి గాలులు, అక్కడి సీజన్ మ్యాప్‌తో సహా, వచ్చే వీడియోలో చెబుతాను.